నాగభూషణమన్న కడుపు చూసేకి పోయినాము

కాశీకి పోయినోళ్ళు రాస్తారు, కాశ్మీరానికి పోయినోళ్ళు రాస్తారు, సింగపూరుకు పోయినోళ్ళైతే ఎయిర్‌పోర్టులో తాగిన కాఫీ గురించి గూడా రెండు పేజీలు రాస్తారు. నేను హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయినాను. రైలెక్కి ఒక కునుకు తీస్తే దిగాల్సిన దూరం. అయినా రాస్తాండా. ఎందుకంటే మేము గుడికి పోలేదు, పెండ్లికి పోలేదు, పట్టుచీర కొనేకి అసలే పోలేదు. ముక్కూ మొహం తెలీని ఒక మగమనిషి కడుపు చూసేకి పోయినాము. ఇట్లాంటి యాత్ర మీలో ఎవురూ చేసుండరు.

నా పేరు సుజాత. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టుకు దగ్గర్లో మెస్ నడుపుతాను. రాగి ముద్ద, పప్పు, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి, ఆదివారమైతే కోడికూర. ఊళ్ళో సగం మంది కడుపులు నా చేతి మీద నిండేవే. మా అక్క మొగుడు అశ్వత్థప్ప పరిగి పక్క పల్లెలో రైతు. మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు మేపుతాడు. మార్కెట్టుకు గూళ్ళు తెచ్చినప్పుడల్లా నా మెస్సులో కూర్చుని మూడు ముద్దలు మింగి, నాలుగోది లేదా మరదలా అని అడిగే మనిషి. అట్లాంటోడు కొన్ని నెలలుగా ఒక ముద్ద దగ్గరే చెయ్యి కడుక్కుంటాంటే నాకు అనుమానమొచ్చింది. అడిగితే గ్యాస్ అన్యాడు. సోడా తాగినాడు, జీలకర్ర నమిలినాడు, మెడికల్ షాపులో గ్యాస్ మాత్రలు డబ్బాలకు డబ్బాలు కొన్యాడు. ఆఖరికి నేనూ అక్కా కలిసి బెంగుళూరుకు లాక్కుపోయినాము.

ఆడ గొంతులోకి కెమెరా గొట్టం పంపి చూసినారు. ఒక చిన్న మచ్చ కనబడింది. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలింది. మొదట్లోనే దొరికింది, అది మీ అదృష్టం అని డాక్టరమ్మ చెప్పింది. ఆయమ్మ కన్నడంలో చెప్పింది, మా బావ తెలుగులో భయపడినాడు.

నేను వంటమనిషిని కాబట్టి నాకు అర్థమైన తీరుగా చెప్తా. కడుపు గోడకు పొరలుంటాయి. రోగం పైపొరలోనే ఉంటే నోట్లోనుంచే గొట్టం పంపి, ఆ పొర కింద నీళ్ళ మందు ఎక్కించి పైకి లేపి, పాల మీద మీగడ తీసినట్టు తీసేస్తారంట. మా బావది మీగడ దాటి ఒక పొర కిందికి దిగింది. గోడ మాత్రం దాటలేదు. కాబట్టి పొట్ట మీద నాలుగైదు చిన్న చిల్లులు పెట్టి, ఒకదాంట్లోనుంచి కెమెరా, మిగిలినవాటిలోనుంచి సన్నటి పొడుగు పనిముట్లు పంపి, కడుపులో కింది భాగమూ దాని చుట్టూ ఉండే గ్రంథులూ తీసేసి, మిగిలిన కడుపును పేగుకు కలిపి కుడతారు. లోపల పనిచేసేకి చోటు కావాల కదా, అందుకని ముందు పొట్టలోకి గ్యాస్ ఎక్కించి పూరీ మాదిరి పొంగిస్తారు.

"గ్యాస్ పోవల్ల అని నేనొస్తే ఈయమ్మ ఇంకా గ్యాస్ కొడతానంటాదే" అన్యాడు బావ.

డాక్టరమ్మ నవ్వలేదు. సోమవారానికి బెడ్డు రాసింది. ఇప్పుడైతే చిన్నదానితో పోతుంది, ఆలస్యం చేసి గోడ దాటించుకుని వస్తే నేను ఇంత ధైర్యంగా మాట్లాడలేను అని చెప్పి పంపించింది.

బావకు చిల్లుల దగ్గర చిక్కొచ్చింది. చిల్లులు వద్దు, నిలువుగా ఒక కోత కోయమని అడిగినాడు. అట్ల గూడా చెయ్యొచ్చు, మీకున్న దశలో రోగం పోయే మాటకొస్తే రెండూ ఒకటే, కాకపోతే కోతకు నొప్పి ఎక్కువ, లేచి తిరిగేకి చానా దినాలు పడుతుంది అనింది ఆయమ్మ. అయితే నాకు అంత తీరిక లేదు, పురుగులకు ఆకు ఎవురేస్తారు అన్యాడు ఈయన. చిల్లులంటే భయం, కోతంటే తీరిక లేదు. మా అక్క ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

హిందూపురం: చిల్లు గూడుకు బేరం లేదు

బావను ఊరికే తిట్టి లాభం లేదు. పట్టు రైతు కదా, వాళ్ళ బతుకంతా చిల్లులతోనే తంటా. ఊజీ ఈగ అని ఒకటుంటాది. అది పట్టుపురుగు మీద గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోనుంచి వచ్చింది పురుగును లోపల్లోపల తినేసి, గూడుకు చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. చిల్లు పడిన గూడును నీళ్ళలో వేసి దారం తీద్దామంటే నీళ్ళు నిండి మునిగిపోతుంది, దారం తెగి తెగి వస్తుంది. అందుకే మార్కెట్టులో చిల్లు గూడు కనబడితే రైతు మొహం మాడిపోతుంది. చిల్లు ఉందంటే లోపలుండేది చచ్చిందనే మా బావ లెక్క. అట్లాంటోడి దగ్గర పొట్టకు నాలుగైదు చిల్లులు పెడతామంటే ఎట్ల ఒప్పుకుంటాడు?

బెంగుళూరు నుంచి వచ్చిన మర్నాడే గూళ్ళు మార్కెట్టుకు తెచ్చినాడు. నేనూ పోయినాను, మనిషిని వదిలిపెడితే యాడికి పారిపోతాడో అని. దారం తీసే ఇమామన్న బావ దగ్గర ఎన్నో ఏండ్లుగా కొంటాండాడు. ఆయన గూడును చేతిలోకి తీసుకుని చూసే తీరు చూడాల. వెలుతురుకు పట్టి చూస్తాడు. బొటనవేలితో నొక్కుతాడు. చెవి దగ్గర పెట్టి ఊపుతాడు, లోపల పురుగు లొటలొటలాడితే గూడు బాగుందని. ఆ దినం ఒక చిల్లు గూడు దొరికింది. తీసి పక్కకు విసిరేసినాడు.

"చూస్తివా?" అన్యాడు బావ నా తట్టు తిరిగి, నేనే ఆ ఈగను మేపినట్టు.

సంగతేమని ఇమామన్న అడిగితే నేనే చెప్పేసినాను. దాపెట్టేదేముంది. ఆయన గూళ్ళు కెలుకుతానే, "ధర్మవరంలో నాగభూషణం అని మగ్గాలాయన ఉండాడప్పా. నా పట్టు ఆయనకే పోతాది. ఇదే రోగం, ఇదే ఆపరేషన్. ఐదు చిల్లులే పెట్టినారు. ఏడాది దాటిపాయె, ఇప్పుడు మగ్గం మీద కూర్చుంటాండాడు" అన్యాడు.

బావ కండ్లు మెరిసినాయి. "చిల్లులు చూపిస్తాడా?"

"అడుగు. చూపిస్తే చూడు."

"గూళ్ళ కుప్ప చూడకుండా ఎవురైనా కొంటారా ఇమామన్నా? కంటితో చూస్తేనే నేను ఒప్పుకునేది."

సాయంత్రం మా అక్క మెస్సుకు వచ్చింది. ఈయన ఏం చూడాలంటాడో అదంతా చూపించి, ఆదివారం పొద్దు మునిగేలోపల బెంగుళూరులో పెట్టు సుజాతా, నీ కాళ్ళు పట్టుకుంటా అనింది. పెద్దది నా కాళ్ళు పట్టుకునేదేమి, తట్టుకోలేక సరేనన్యాను. మెస్సుకు తాళమేసినాను. కరోనా పోయినాక ఆ మెస్సుకు తాళం పడింది అప్పుడే.

పెనుకొండ: ఇన్నేండ్లకు కోట గుర్తొచ్చింది

మా తట్టు రోగిష్టిని చూసేకి ఉత్తచేతులతో పోరు. బ్రెడ్డు, బత్తాయిలు, హార్లిక్స్ సీసా తీసుకునే పోవాల. నాగభూషణమన్న లేచి తిరగబట్టి ఏడాది అయినా సరే, చూసేకి పోయేది కడుపునే కాబట్టి అన్నీ కొన్యాను. బస్సులో ఆ సంచీ నా ఒళ్ళో, బావ మొహం కిటికీలో. సోమందేపల్లి దాటినాక ఉన్నట్టుండి అన్యాడు: "పెనుకొండలో దిగుదాం. కోట చూడాల."

ఈ మనిషి పెనుకొండ మీదుగా ఎన్నిసార్లు పోయుంటాడో దేవునికే తెలియాల. ఒక్కసారైనా కొండ తట్టు తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు రాజులు గుర్తొచ్చినారు. సాకు అని నాకు తెలుసు, ఆయనకూ నాకు తెలుసని తెలుసు. దిగినాము.

ఎండ. కొండ మీదికి సగం దూరం గూడా పోలేదు, ఒక రాతి మండపం నీడలో బావ కూలబడినాడు. చెయ్యి పోయి రొమ్ము కింద, పొట్ట పైన ఆనింది. చొక్కా పైకి లేస్తే బెల్టు కనబడింది. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త చిల్లు, దాని పక్కన ఇంకొకటి. మనిషి అంత తగ్గిపోయినాడు.

"బెల్టుకు చిల్లులు పెట్టుకునేకి భయం లేదే నీకు" అన్యాను. ఎగతాళికే అన్యాను. ఈయన చచ్చిపోతే మా అక్క ఏమైపోతాది అని అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

మండపం దగ్గర ఒక అవ్వ ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముతాంది. పొట్లం ఇరవై రూపాయలు, మా ఊర్లో పదికే ఇస్తారు. కొండెక్కించిన కూలి గూడా కలిపిందేమో. యాడికి పోతాండారు అని అడిగింది. ఉన్నమాటే చెప్పినాను, ధర్మవరంలో ఒకాయన కడుపు మీద చిల్లులు చూసేకి పోతాండాము అని.

అవ్వ కొంచెం గూడా ఆశ్చర్యపోలేదు. "దానికి ధర్మవరం దాకా ఎందుకమ్మా, నా కడుపు చూసిపోండి. మూడు కోతలుండాయి. రెండు కాన్పులకు, ఒకటి గర్భసంచికి" అనింది.

"నొప్పి ఎక్కువుండెనా అవ్వా?" అన్యాడు బావ, కోత మాట వినబడేసరికి ప్రాణం లేచొచ్చి.

"నొప్పి పోనీలేప్పా. కోత జానెడుండె కాబట్టి మా అత్త మూడు నెలలు బిందె ఎత్తనియ్యలేదు. మీరు చెప్పే చిల్లులు నాకు పెట్టింటే, ఏమీ కనబడలేదని మర్నాడే కలుపు తీసేకి తోలుండు."

మా బావ దీన్ని చిల్లులకు విరుద్ధంగా రాసుకున్నాడు. నేను అత్తలకు విరుద్ధంగా రాసుకున్నాను. పొట్లం ఖాళీ చేసుకుని కొండ దిగినాము. కోట పైభాగం ఎట్లుంటాదో మీకు నేను చెప్పలేను, మేము చూడలేదు.

పెనుకొండ కింద: కొరియా వాళ్ళ హోటలు

కొరియా కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక పెనుకొండ చుట్టుపక్కల బోర్డులు మారిపోయినాయి. తెలుగు కింద ఇంగ్లీషు, దాని కింద గుండ్రాలూ గీతలూ ఉండే కొరియా అక్షరాలు. మెస్ నడిపేదాన్ని కదా, పక్కోడి వంటింట్లోకి తొంగిచూడకపోతే నాకు నిద్ర పట్టదు. బావను తోసుకుంటా ఒక కొరియా హోటల్లోకి పోయినాను. మెనూ చూసి గుండె ఆగినంత పనైంది. ఒక సూపు రేటులో నా దగ్గర ఒక కుటుంబం తిని, పార్సిల్ కట్టించుకుని పోతాది. వచ్చిన పాపానికి ఒకటి చెప్పినాము.

వండేది కొరియా ఆయన కాదు, మన సోమందేపల్లి గిరి. ముందు ధాబాలో పనిచేసేవాడంట. సూపు కంటే ముందు ఊరికే ఇచ్చే గిన్నెలు వచ్చినాయి. ఒకదాంట్లో క్యాబేజీ పచ్చడి, ఎర్రగా, పుల్లగా, రెండు దినాలు మరిచిపోయిన వాసనతో. ఇంకో గిన్నెలో బెల్లం పాకం మాదిరి ఉండేదాంట్లో వేసిన చెనక్కాయ గింజలు. చెనక్కాయలు మన అనంతపురం సీమవే, తియ్యగా చేసి మనకే పెడతాండారు.

పక్క బల్ల దగ్గర ఒక కొరియా ఆయన, యాభై దాటుంటాయి, ఫ్యాక్టరీ చొక్కా వేసుకుని తింటాండాడు. చేతిలో సన్నటి స్టీలు పుల్లలు రెండు. ఆ పుల్లలతో ఒక్కొక్క చెనక్కాయ గింజను పట్టుకుని నోట్లో వేసుకుంటాండాడు. ఒక్కటి గూడా జారలేదు. బావ తన సూపు మర్చిపోయి అదే చూసినాడు.

"సుజాతా, డాక్టరమ్మ చెప్పిన పనిముట్లు ఇట్లే ఉంటాయా?"

"ఇంకా పొడుగుంటాయంట. ఆయమ్మ బయట నిలబడి టీవీలో చూసుకుంటా లోపల పట్టుకుంటాదంట."

బావ గిరిని అడిగి పుల్లలు తెప్పించుకున్నాడు. ఎట్లో తంటాలు పడి ఒక గింజను పట్టి పైకి లేపినాడు. అది జారి, ఎగిరి, కొరియా ఆయన ఎర్ర సూపులో టప్పున పడింది. నాకైతే భూమిలోకి కూరుకుపోదామనిపించింది. ఆయన మాత్రం తలవంచి గిన్నెలోకి చూసి, పుల్లలతో ఆ గింజను పట్టి తీసి, నోట్లో వేసుకుని, మా బావకు నమస్కారం పెట్టినాడు.

ఆడ నుంచి మాటలు కలిసినాయి. గిరి తర్జుమా. గిరి కొరియా భాష ఎంతవరకో నాకు తెలీదు, మధ్యలో ఇంగ్లీషు, కొంచెం చేతులు. మా సంగతి విని ఆయన తన పొట్ట మీద వేలు పెట్టుకుని, తన నాయనకూ ఇదే రోగమొచ్చిందని, చిల్లులతోనే తీసినారని చెప్పినాడు. ఇప్పుడు ఆ ముసలాయన ప్రతి ఆదివారం కొండలెక్కుతాడంట. వాళ్ళ దేశంలో ఈ రోగం ఎక్కువ, అందుకని నలభై దాటిన వాళ్ళకు రెండేండ్లకొకసారి గొట్టం పరీక్షకు రమ్మని సర్కారే కబురు పెడుతుందంట.

"రోగం లేకున్నా గొట్టం మింగుతారా?" బావ నమ్మలేకపోయినాడు.

గిరి అడిగి చెప్పినాడు. "రోగం ఉందో లేదో మింగితేనే కదా తెలిసేది అంటాండాడన్నా."

బావ కాసేపు గిన్నెలో చెంచా తిప్పినాడు. "గిరీ, ఇంకొకటి అడగప్పా..." అని నోరు తెరిచి, గిరి వంగితే, "ఏంలేదులే" అని నీళ్ళు తాగినాడు. ఆ అడగని ప్రశ్న ఏమో నాకు అప్పుడు తెలీలేదు. బిల్లు కట్టి బయటపడినాము. మేము తినలేక మిగిల్చిన సూపు గిరి డబ్బాలో పోసిచ్చినాడు. అది బస్సులో నా సంచీలోనే ఒలికి, నాగభూషణమన్నకు తీసుకుపోతాండే బ్రెడ్డంతా ఎర్రగా అయిపోయింది.

ధర్మవరం: కడుపు దర్శనం

ధర్మవరంలో వీధి ఏదైనా మగ్గం చప్పుడు మీకంటే ముందు నడుస్తాంటాది. నాగభూషణమన్న ఇల్లు కనుక్కునేలోపల సాయంత్రమైంది. సన్నగా, పొడుగ్గా, మెడలో అద్దాలు వేలాడేసుకుని ఉండే మనిషి. ఇమామన్న ముందే ఫోన్ చేసి చెప్పుండాడు. ఆయన భార్య రామలక్ష్మక్క ఎర్ర బ్రెడ్డును చూసి, ఇది ఏం జబ్బుకు మంచిదమ్మా అని అడిగింది. కొరియా మందు అని చెప్పినాను.

బావ నిలబడిన చోటే చొక్కా విప్పమనేటట్టు ఉండాడు. నాగభూషణమన్న నవ్వి, "ఇప్పుడు వెలుతురు తక్కువప్పా. చీరైనా కడుపైనా పొద్దున్నే చూడాల. ఈ పూట తిని పండుకోండి" అన్యాడు. ఆయన మాత్రం మాతో కూర్చోలేదు, అప్పటికే తిన్యాడంట. రామలక్ష్మక్క అన్నం, చింతచిగురు పప్పు పెట్టింది. మా తట్టు కంటే కారం రెండింతలు. మేము కన్నడ దేశం పక్కనుండి కూరలో గూడా బెల్లం వేసుకునేవాళ్ళం కదా, నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాక ముహూర్తం కుదిరింది. మగ్గం పక్కన కిటికీ దగ్గర కుర్చీ వేసినారు. నాగభూషణమన్న చొక్కా గుండీ మీద చెయ్యి పెట్టి నా తట్టు చూసి ఆగినాడు.

"ఊరంతా చూసిన కడుపే, ఇప్పుడు సిగ్గొచ్చింది" అనింది రామలక్ష్మక్క, నన్ను వంటింట్లోకి పిలుచుకుంటా. వంటింటి కిటికీ మగ్గం తట్టే ఉండాది. ఇద్దరమూ ఆడనుంచి అంతా చూసినాము.

బావ అద్దాలు పెట్టుకున్నాడు. సెల్లు లైటు వేసినాడు. ముందు వెలుతురుకు చూసినాడు. తర్వాత బొటనవేలితో ఒక్కొక్క చోటే నొక్కినాడు. ఆఖరికి, నేను అబద్ధం చెప్పను, వంగి ఆయన పొట్టకు చెవి ఆనించినాడు. ఇంకొక్క క్షణం ఆగితే మనిషిని పట్టుకుని ఊపేవాడే. రామలక్ష్మక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"నాలుగే ఉండాయే. ఐదు అన్యాడు ఇమామన్న" అన్యాడు బావ, కుప్పలో గూళ్ళు తగ్గినట్టు.

"ఐదోది బొడ్డులో దాక్కుండాది చూడు. కెమెరా ఆడనుంచే పంపినారు."

"తీసిన ముక్క యాడనుంచి వచ్చె? ఇంత సన్నటి చిల్లులో పట్టదే."

"ఆ బొడ్డు కాడ చిల్లునే కొంచెం పొడుగు చేసి, లోపలే సంచిలో వేసి లాగినారంట."

బావ మళ్ళీ వేలితో తడిమినాడు. "పూడిపోయినాయే ఇవి" అన్యాడు, ఎవురో మోసం చేసినట్టు.

"పూడకపోతే తాగిన నీళ్ళు కారిపోవా నాకు?" అన్యాడు నాగభూషణమన్న. "గూడుకు చిల్లు పడితే పూడ్చేకి లోపల ఎవురూ ఉండరు. నేను లోపల బతికే ఉంటి కదప్పా."

ఇంక అయిపోయింది, బావ ఒప్పుకున్నట్టే అని నేను లోపల సంబరపడినాను. అంతలో పొయ్యి మీద ముద్ద ఉడికింది. రామలక్ష్మక్క కెలికి, చేయి తడి చేసుకుని ఒక ముద్ద చేసి, తినే తట్టలో ఊరుబిండి పక్కన పెట్టింది. నిమ్మకాయంత. ఎవురైనా చంటిపిల్లకు అనుకున్నాను. తీసుకుపోయి నాగభూషణమన్న ముందర పెట్టింది.

బావ ఆ ముద్దను చూసినాడు. చూసి, సెల్లు లైటు ఆర్పేసినాడు. మొహంలో రంగు పోయింది.

"ఇంతేనా తినేది?" అని అడిగినాడు. కొరియా హోటల్లో మింగేసిన ప్రశ్న ఇదేనని నాకు అప్పుడు తెలిసింది. చిల్లులు చిల్లులని మూడూళ్ళు తిప్పినాడు గానీ, ఆయన భయమంతా ఈ తట్టలో ఉండాది.

"ఒక తూరికి ఇంతే" అన్యాడు నాగభూషణమన్న. "అబద్ధం చెప్పనప్పా. కడుపు నిండా తిని తేన్చే సుఖం పోయింది. మొదట్లో మూడు బుక్కలకే చాలనిపిస్తాండె. తీపి ఎక్కువ తింటే చెమటలు పట్టి తల తిరుగుతాది. పెండ్లిండ్లలో రెండు బుక్కలు తిని లేస్తే, వంట బాగాలేదా అని వాళ్ళకు కోపం. రెండు మూడు గంటలకొకసారి కొంచెం కొంచెం తింటా."

"ముందు పొద్దున ఒకసారి కెలికి పారేస్తాంటి" అనింది రామలక్ష్మక్క. "ఇప్పుడు దినమంతా పొయ్యి కాడే. కడుపు ఆయనది కోసినారు, నడుము నాది పోయింది."

అందరూ నవ్వినారు. బావ నవ్వలేదు. నాగభూషణమన్న తినేదాకా ఆ తట్ట మీదినుంచి కండ్లు తిప్పలేదు.

తిరుగు రైలు

తిరిగేటప్పుడు రైల్లో వచ్చినాము. నాగసముద్రం గేటు స్టేషన్ దాటేవరకు బావ కిటికీలోనుంచి బయటికే చూస్తా కూర్చున్నాడు. యాత్ర మొత్తం వృథా అయింది, అక్కకు ఏమని చెప్పాల అని నేను లోపల ఉడికిపోతాండా. నిజం చెప్తే, ఆయన చెంప మీద ఒకటి ఇచ్చుకుందామని గూడా అనిపించింది.

"మా నాయన ఎట్ల పోయినాడో నీకు తెలుసునా?" అన్యాడు ఉన్నట్టుండి.

గ్యాస్ జాస్తి అయి పోయినాడని మా ఇండ్లల్లో చెప్పుకునే మాట. అదే చెప్పినాను.

"గ్యాసే అన్యారు అందరూ. ఎవురూ కెమెరా పెట్టి చూడలేదు. ఆ కాలంలో మాకేం తెలుసు. మా అవ్వ దినమూ ఆయన ముందర ముద్ద పెడతాండె. ఆయన ఆ ముద్దను వేలితో నొక్కి నొక్కి, అంచున కొంచెం గిల్లి, తట్ట పక్కకు తోసేస్తాండె. చిన్న ముద్ద చేసి పెట్టినా అంతే. పోయే దినం గూడా తట్టలో ముద్ద అట్లే ఉండె. డాక్టరమ్మ కడుపు సగం తీసేస్తా అన్నప్పటి నుంచి నాకు ఆ తట్టే కనబడతాంది సుజాతా."

ఏండ్ల తరబడి ఎగతాళి చేసుకున్నాము, ఇంత మాట ఎప్పుడూ చెప్పలేదు మా బావ. చెనక్కాయలమ్మే ఆమె వచ్చి, మా మొహాలు చూసి ఏమీ అడక్కుండా ముందుకు పోయింది.

"నాగభూషణం ముద్ద చూసినప్పుడు మా నాయన తట్టే అనుకుంటి" అన్యాడు మళ్ళీ. "కానీ ఆయన మొత్తం తిన్యాడు. నేను చూస్తానే ఉంటి. తట్ట ఖాళీ చేసి, ఊరుబిండి గూడా వేలితో తుడిచి నాకినాడు."

పెనుకొండ స్టేషన్లో రైలు ఆగింది. కోట తట్టు ఒకసారి చూసి, ఈసారి దిగుదామనలేదు. జేబులోనుంచి సెల్లు తీసి మా అక్కకు చేసినాడు. "బ్యాగు సర్దు. రేపు బెంగుళూరుకు పోవల్ల" అన్యాడు. తర్వాత కొంచెం ఆగి, "ఆఁ, చిల్లులే" అన్యాడు. నేను కిటికీ తట్టు తిరిగి కొంగుతో కండ్లు తుడుచుకున్నాను.

మళ్ళీ హిందూపురం

ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ బయటికొచ్చి, అనుకున్నట్టే అయింది, కోత కోయాల్సిన పని పడలేదు అనింది. తీసిన గ్రంథుల్లో యాడా రోగం లేదని తర్వాత రిపోర్టు వచ్చింది. ఇంకా చెకప్‌లకు పోతానే ఉండాల, గొట్టం మళ్ళీ మళ్ళీ మింగాల. ఇప్పుడు మింగేకి గొడవ చెయ్యడు. కొరియా వాళ్ళు మింగుతారు, మనమెంత అంటాడు.

ఊరికి వచ్చినాక చూసేకి వచ్చిన జనం మాత్రం నిరాశపడినారు. బ్రెడ్లూ బత్తాయిలూ మోసుకుని వచ్చి, చొక్కా ఎత్తి చూపిస్తే, ఇంతేనా అని మొహాలు చిన్నబుచ్చుకున్నారు. పక్కింటాయన అయితే, ఇంత చిన్నదానికి అన్ని దుడ్లు తీసుకున్నారా, మోసపోతివి కదప్పా అన్యాడు. మా అక్క బత్తాయిలు తీసుకుని ఆయన్ను పంపించేసింది. పెనుకొండ అవ్వ చెప్పింది నిజమే, కోత కనబడకపోతే జనం రోగిని రోగి అనుకోరు. అందుకే ఆకు కోసేకి పోతానని ఈయన లేచినప్పుడల్లా నేను పోయి అరిచి పండుకోబెట్టినాను.

కొన్ని నెలలకు మళ్ళీ గూళ్ళు తీసుకుని మార్కెట్టుకు వచ్చినాడు. నా మెస్సులో గోడ పక్క బల్ల ఆయనకే వదిలేసినాను. రెండు మూడు గంటలకొకసారి వచ్చి కూర్చుంటాడు. నేను నిమ్మకాయంత ముద్ద పెడతా, తిని పోతాడు, మళ్ళీ వస్తాడు. ఒక్క గిరాకీ మనిషే దినంలో నాలుగుసార్లు బల్ల ఆక్రమిస్తే నా వ్యాపారం ఏం కావల్ల అని అరుస్తాను. అరుస్తానే ఊరుబిండి కొంచెం ఎక్కువ వేస్తాను.

పోయిన వారం మధ్యాహ్నం ఒక మగమనిషీ ఆయన భార్యా మెస్సు గుమ్మం దగ్గర నిలబడినారు. మడకశిర తట్టునుంచి వచ్చినారంట. తినేకి రాలేదు. "ఈడ ఒకాయన కడుపు చూపిస్తాడని ఇమామన్న చెప్పినాడు" అనింది ఆమె, లోపలికి అడుగు పెట్టకుండానే.

బావ లేచి, ఏ సిగ్గూ లేకుండా చొక్కా ఎత్తినాడు. ఆ మనిషి వంగి చూసినాడు, బొటనవేలితో నొక్కినాడు, ఆయనా రైతే. ఒకటి, రెండు అని తన్లోతానే లెక్కపెట్టుకుని, ఐదోది యాడ అని అడిగినాడు. బావ బొడ్డు చూపించినాడు. అన్నీ చూసి తల ఊపి, నిటారుగా నిలబడినాడు గానీ పోలేదు. ఏదో అడగాలని నోరు తెరిచి మూసుకున్నాడు.

బావ ఆ మొహాన్ని చూసినాడు. చొక్కా దించుకుని కుర్చీ లాగి ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టినాడు.

"సుజాతా, ముద్ద తీసుకురా" అన్యాడు.

అప్పటికి తినే వేళ గూడా కాలేదు. అయినా తెచ్చినాను, నిమ్మకాయంత ముద్ద, పక్కన ఊరుబిండి. బావ తుంచి, అద్దుకుని, నిదానంగా తిన్యాడు. ఆ మనిషి కండ్లు తట్ట మీదే ఉండాయి. ఆఖరి బుక్క అయినాక బావ ఊరుబిండిని వేలితో తుడిచి నాకి, ఖాళీ తట్టను ఆయన తట్టుకు జరిపినాడు.

ఆ మనిషి తట్టను చూసి, భార్య తట్టు తిరిగి, "బెంగుళూరు బస్సు ఎన్ని గంటలకు?" అని అడిగినాడు.